రెండో వర్గానికి నీళ్ళు

...అయినా ఆరు లీటర్లు ఏమంత తక్కువని ఎవరో ఒకరు అనకపోరు, అలా అనేవాడు నీళ్ళ కోసం ఒక్కసారి కూడా వరసలో నిలబడి ఉండడు, అని దైవాశీర్వాదం మనసులో ఎవరితోనో వాదిస్తూ ఉండగా ముందున్న కారు ఆగింది. బ్రేకు తొక్కాడు. మంచు మీద కారు జానెడు జారి నిలబడింది. ఆరు, పది. పక్కపక్కన రెండు గళ్ళు. నిన్న సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు కర్నల్ విట్‌మర్ చేతిలో పెట్టిన ముసాయిదాలో, సరఫరాల అనుబంధంలో, నలభై ఒకటో పేజీలో ఉన్నాయవి. తాగునీరు, మనిషికి, రోజుకు. మొదటి వర్గానికి పది లీటర్లు. రెండో వర్గానికి ఆరు. రెండో వర్గం అంటే ఎవరో కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చే దళాలు.

ఆ చిన్న అక్షరాలు రాసినవాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ఊహించుకునేకొద్దీ ఒంట్లో వెచ్చగా అయింది. కారులో హీటరు ఇంకా అందుకోలేదు గనక అది కోపమేనని గుర్తుపట్టాడు. కోపం వచ్చినప్పుడు తనకు సుఖంగా ఉంటుందన్న సంగతి అతనికి చాలాకాలంగా తెలుసు. వెనక కారు హారన్ కొట్టింది. లైటు పచ్చబడి ఎంతసేపయిందో.

అమెరికాలోని అరోరాలో ఫాక్స్ నది ఒడ్డున, ఒకప్పుడు పాస్టర్లకు చదువు చెప్పిన ఇటుక కట్టడంలో ఆ సంస్థ ఉంది. రెండేళ్ళుగా అక్కడ జరుగుతున్న పని ఒకటే. ఎక్కడైనా రెండు పక్షాల మధ్య నిలబడవలసి వస్తే అప్పటికప్పుడు దేశాలను బతిమాలి మనుషుల్ని పోగుచేసే పద్ధతి పోవాలి. ఐదు ప్రాంతాలు ఐదు బ్రిగేడ్లను ముందే తయారుచేసి తమ తమ చోట్ల ఉంచుకోవాలి. పిలుపు రాగానే ఐదూ కలిసి ఒకే జెండా కింద, ఒకే అధికారి కింద, ఒకే శాంతి దళంగా దిగాలి. ఉత్తర యూరప్, లాటిన్ అమెరికా, పశ్చిమ ఆఫ్రికా, దక్షిణ ఆసియా, పసిఫిక్ దీవులు. చివరి మూడూ ఆ రెండో వర్గం. బ్రిగేడ్‌కు మూడు వేల మంది. కాగితం మీద తప్ప ఎక్కడా లేని ఆ పదిహేను వేల మందికి అన్నం, ఇంధనం, మందులు అందించే లెక్క దైవాశీర్వాదం రాశాడు. భారత సైన్యంలో పదిహేడేళ్ళు అతను చేసింది అదే పని. నీళ్ళ లెక్క మాత్రం విమానాలతో ముడిపడింది గనక కర్నల్ తన దగ్గరే ఉంచుకున్నాడు.

శుక్రవారం ఐదు ప్రాంతాల ప్రతినిధులూ అనుబంధం మీద పొట్టి సంతకాలు పెట్టాలి. సోమవారం అది వాషింగ్టన్ వెళ్ళాలి. ఈరోజు మంగళవారం.

కర్నల్ విట్‌మర్ పొడుగ్గా, మర్యాదగా ఉండే మనిషి. ఎదుటివాడి మాట నచ్చనప్పుడు కళ్ళద్దాలు తీసి టై చివరతో తుడుచుకుంటాడు. దైవాశీర్వాదం నలభై ఒకటో పేజీ తెరిచి బల్ల మీద పెట్టగానే ఆయన కళ్ళద్దాలు తీశాడు. విమానాల సంఖ్య పెరగదని చెప్పాడు. నీళ్ళ ట్రైలర్లే అన్నిటికన్నా ఎక్కువ చోటు తింటాయనీ, అందరికీ పది లీటర్లు పెడితే నలభై ఎనిమిది ట్రైలర్లు అదనమనీ, ఆఖరి బ్రిగేడ్ ఐదు రోజులు ఆలస్యంగా దిగుతుందనీ చెప్పాడు. ఆ ఐదు రోజుల్లో ఊళ్ళు తగలబడతాయి. అప్పుడు ఈ దళం ఎందుకు?

“వేడి దేశంలో పుట్టినవాడికి దాహం తక్కువని ఎవరు చెప్పారు కర్నల్?”

“నేను చెప్పలేదు. పేజీ అడుగున మూడో నంబరు అధోసూచిక చూడండి. అది అవమానం కాదు మేజర్, పరిశీలన. ఎడారిలో స్వయంగా చేసిన పరిశీలన.”

దైవాశీర్వాదం చూశాడు. శాంతి దళాల ఎడారి అనుభవాలు, రెండో సంపుటి, నూట పన్నెండో పేజీ, అని ఉంది. ఎవడో ఏసీ గదిలో కూర్చుని ఏర్చి కూర్చిన పుస్తకం అయి ఉంటుందనుకున్నాడు. ఆ పుస్తకం దొరికితే దాని వీపు విరగ్గొట్టాలనుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు, సైన్యం వదిలాక ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత చురుగ్గా అడుగులు పడ్డాయి.

*

మధ్యాహ్నం భోజనాల గదిలో మేజర్ బొయాటెంగ్ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. బొయాటెంగ్ ఘనా సైన్యం నుంచి వచ్చి పశ్చిమ ఆఫ్రికా బ్రిగేడ్ తరఫున మాట్లాడుతున్నాడు. సూప్‌లో మిరియాలు సగం సీసా దులపనిదే చెంచా ముట్టుకోడు. ఆరు లీటర్ల సంగతి చెబితే అతను తనతోపాటు మండిపడతాడని దైవాశీర్వాదం ఆశించాడు. బొయాటెంగ్ మండిపడలేదు. ఆ గళ్ళు తాను పోయిన నెలే చూశానన్నాడు. పది లీటర్లు అడిగి తన బ్రిగేడ్‌ను ఐదు రోజులు వెనక్కి నెట్టుకుంటే, మొదట దిగిన యూరప్ వాళ్ళ ఫోటోలే పేపర్లలో వస్తాయన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

“మా వాళ్ళకు ఇంకా నీళ్ళు కావాలని నువ్వు లేచి అడుగుతావు. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు అది ఎలా వినిపిస్తుందో తెలుసా? మా వాళ్ళు తట్టుకోలేరని. నేను ఆరుతో చేసి చూపిస్తాను. నువ్వూ చేసినవాడివేగా.”

నువ్వూ చేసినవాడివేగా. ఆ మాట దైవాశీర్వాదానికి ముల్లులా కాకుండా మెడలో వేసిన దండలా తగిలింది. తగిలిన మరుక్షణమే ఎందుకో చిరాకు పుట్టింది. చేశాడు, నిజమే. ఇరవై ఏళ్ళ కిందట, కెప్టెన్‌గా, శాంతి దళం నీలి టోపీ పెట్టుకుని, ఎడారిలో పదకొండు రోజులు. ఇతర దేశాల అధికారులు జీపులు ఆపి మరీ తన మనుషుల్ని చూసి వెళ్ళారు. ఆ పదకొండు రోజుల గురించి అతను ఎప్పుడు తలుచుకున్నా దూరం నుంచి, ఎండలో నిలబడ్డ వరసను మాత్రమే చూసేవాడు. మొహాలు కనిపించేవి కావు.

బుధవారం పదకొండు గంటలకు విజయశ్రీ వచ్చింది. హనుమకొండ నుంచి వచ్చి ఎనిమిదేళ్ళయింది ఆమెకు. స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేసింది. సంస్థలో పట్టికలన్నీ ఆమె వర్డ్ ప్రాసెసర్‌లోంచే వస్తాయి. ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడనిదే టైప్ చేయదని ఆమెకు పేరు. చేతిలో బూజు పట్టిన నీలం అట్ట పుస్తకం ఉంది.

“బేస్‌మెంట్ల దొరికింది సార్. ఆ రెండో వాల్యూమ్. నూట పన్నెండో పేజీ చూసిన.”

“ఏ మహానుభావుడు రాశాడు?”

ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి, వేలితో వరస చూపించి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఇరవై లైన్ల సారాంశం. పదకొండు రోజులపాటు నీటి బళ్ళు సరిగా రాకపోవడంతో ఒక కంపెనీకి రోజుకు మనిషికి పదికి బదులు ఆరు లీటర్లు మాత్రమే ఇచ్చారు. సాయంత్రం తనిఖీలో సీసాల్లో సగటున పావు వంతు నీరు మిగిలి ఉంది. నీటి కొరత వల్ల అస్వస్థత నమోదు కాలేదు. ఉష్ణ ప్రాంతపు సైనికులకు ఆరు లీటర్లు సరిపోవడమే కాక మిగులు కూడా ఉంటుందని తేలింది. ఆధారం: కెప్టెన్ ఎం. దైవాశీర్వాదం, సరఫరా విభాగం, క్షేత్ర నివేదిక, 1964.

అతను రెండుసార్లు చదివాడు. రెండోసారి తన పేరు దగ్గరికి రాకుండానే ఆగిపోయాడు. ఈ ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులో ‘ఎడారి నీటి పొదుపుపై నివేదిక’ అని తానే ఒక వరస టైప్ చేసుకున్నాడు. ఆరు అన్న అంకె సోమవారం సాయంత్రం కంటపడినప్పుడే లోపల ఎక్కడో గంట మోగి ఉండాలి. మోగింది కూడానేమో. ఆ చప్పుడు వినపడకుండా ఉండటానికే కోపాన్ని అంత పెద్దగా పెట్టుకున్నాడేమో.

“సార్, డేటా తప్పేం కాదనిపిస్తుంది నాకు,” అంది విజయశ్రీ, అతనికి సాయం చేయాలన్నట్టు. “మిగిలిందంటె మిగిలినట్టే గద. కాకుంటె ఒక్కటి అర్థం కాలె. ఆరు లీటర్లే ఇచ్చిన్నాడు గూడ పావు మిగిలింది. పది ఇచ్చిన్నాడు గూడ పావే మిగిలింది. ముందు పేజీల ఉన్నది. ఎంత ఇచ్చినా అంతే ఎట్ల మిగుల్తది సార్?”

అతను పుస్తకం మూశాడు. ఎట్ల మిగుల్తుందో ఈ దేశంలో తెలిసినవాడు తాను ఒక్కడే అనుకున్నాడు. మార్చ్‌లో విజిల్ వేసేదాకా సీసా మూత ముట్టుకోకూడదు. సాయంత్రం ఫాలిన్‌లో, అందరూ వరసగా నిలబడ్డాక, అధికారి ఆ వరస వెంట నడుస్తూ ఒక్కొక్కడి నడుముకున్న సీసాను అరచేత్తో పైకి ఎత్తి బరువు చూస్తాడు. తేలిగ్గా లేచిందా, ఆ మనిషికి నిగ్రహం లేదని లెక్క. మర్నాడు బరువు మోస్తూ పరిగెత్తాలి. బరువుగా ఉందా, భుజం తడతారు. అందుకని ఎంత దాహం వేసినా అడుగున పావు వంతు ఉంచుకోవడం సిపాయికి బూట్ల తాడు కట్టుకోవడమంత అలవాటు. దైవాశీర్వాదం ఆ పావు వంతును కొలిచాడు. కొలిచి, మిగులు అని రాశాడు.

లాన్స్ నాయక్ పోలయ్యది తుని దగ్గర ఏదో ఊరు. తొమ్మిదో రోజు సాయంత్రం అతని సీసా ఎత్తితే దాదాపు నిండుగా ఉంది. అందరి ముందూ అతని భుజం తట్టాడు కెప్టెన్ దైవాశీర్వాదం. పోలయ్య నవ్వాడు. నవ్వితే పెదవి చిట్లి నెత్తురు సన్నగా గీతలా కనిపించింది. మర్నాడు కాపలా గట్టు మీద కూలిపోయాడు. ఇంకో ఇద్దరు అంతకుముందే పడిపోయారు. డాక్టరు ముగ్గురికీ జ్వరం అని రాశాడు. దాహం అని రాస్తే సరఫరా అధికారి సంజాయిషీ ఇవ్వాలి. ఆ మాట డాక్టరు అనలేదు, తనూ అనలేదు. ఇద్దరూ కలిసి టీ తాగారు.

“సార్, ఒంట్ల బాగుందా?”

“బాగుంది విజయశ్రీగారూ. ఆ పుస్తకం నా దగ్గర ఉండనీయండి.”

*

ఆ సాయంత్రం అతని భార్య లూసీ ఆసుపత్రిలో పగటి డ్యూటీ చేసి వచ్చి, తెల్ల బూట్లు ఇంకా విప్పకుండానే, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన బెండకాయల సంచిని సింకు అంచుకేసి కొడుతోంది. దైవాశీర్వాదం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందు ఉల్లిపాయలూ కత్తీ పెట్టి వెళ్ళింది ఆమె. అతను కత్తి ముట్టుకోలేదు. ఆఫీసులో ఒక పాత నివేదిక బయటపడిందని మొదలుపెట్టాడు. ఎవరో ఒక ఆయన రాశాడన్నాడు. తన గొంతు తనకే రేడియోలో వార్తలు చదువుతున్నట్టు వినిపించింది. నీళ్ళు తగ్గించారనీ, మనుషులు బాగానే ఉన్నారని రాశారనీ, ఇప్పుడు దాని మీద ఒక పెద్ద ఏర్పాటు నిలబడిందనీ చెప్పాడు.

“వాళ్ళ యూరిన్ ఎవరన్నా చెక్ చేశారా?” అంది లూసీ వెనక్కి తిరగకుండానే.

“అదెందుకు రాస్తారు అందులో?”

“మరి ఏం చూసి బాగున్నారని రాశాడండీ ఆయన?”

“సీసాల్లో మిగిలిన నీళ్ళు చూసి.”

ఆమె సంచి కొట్టడం ఆపింది. “మా వార్డులోనూ ఉంటారు అట్లాంటోళ్ళు. నర్సమ్మని ఇబ్బంది పెట్టకూడదని పక్కనున్న గ్లాసు ముట్టుకోరు. గ్లాసు నిండుగా ఉంది, పేషెంట్‌కి దాహం లేదు అని చార్ట్‌లో రాసి ఇంటికొస్తే నా లైసెన్స్ పోద్ది.”

 బయట ఎవరో వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నారు. పార నేలకు గీసుకుంటున్న చప్పుడు ఒకే తీరుగా వస్తోంది. ఆ రోజుల్లో తనకు ఇరవై తొమ్మిదేళ్ళని చెబుదామనుకున్నాడు. బళ్ళు రాకపోవడం తన తప్పు కాదని చెబుదామనుకున్నాడు. ఆ రెండూ నిజమే. అయితే నివేదిక రాయమని తనను ఎవరూ అడగలేదు. అది తానే రాశాడు, మేలు రకం కాగితం అరువు తెచ్చుకుని. అందరూ మెచ్చుకున్న ఆ పదకొండు రోజులు ఎక్కడో ఒకచోట తన పేరుతో ఉండిపోవాలని రాశాడు. అది ఇన్నాళ్ళు ఉండిపోయి, ఇంకా పుట్టని ఒక సైన్యంలో తొమ్మిది వేల మంది గ్లాసుల్లోంచి నాలుగేసి లీటర్లు తీసేసింది.

లూసీ బల్ల దగ్గరకు వచ్చి అతని మొహం చూసింది. వార్డులో మనిషిని చూసే చూపు అది, తొందర లేనిది.

“ఆ రాసినాయన బతికే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“ఇంకేం మరి.” స్టవ్ వెలిగించింది. “ఉల్లిపాయలు తరగండి, నూనె కాగిపోతోంది.”

ఆమెకు తెలిసిపోయిందని అతనికి తెలిసింది. కత్తి అందుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.

*

గురువారం పొద్దున ఎనిమిదింటికే విజయశ్రీ బల్ల దగ్గరికి వెళ్ళి, ఆమె నిన్న అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాడు. సీసా ఎత్తి చూడటం ఎలాగో టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్‌ను అరచేతిలో ఎత్తి చూపించాడు. ఆమె కాసేపు ఆ పేపర్‌వెయిట్ వైపే చూసింది.

“అంటె మీరు భయాన్ని మెజర్ చేసిండ్రు సార్,” అంది. అనేశాక నాలిక కొరుక్కుంది.

“అవును. ఇప్పుడు ట్రైలర్ల సంగతి చూద్దాం.”

కోపం లేకుండా పనిచేయడం మొదట కష్టంగా ఉంది. మంగళవారం ఉన్న చురుకు కాళ్ళలో లేదు. దానికి బదులు మరేదో ఉంది, వేగం లేనిది, ఆగనిది. ఇద్దరూ పొడుగాటి లెక్కల కాగితం పరిచి ఐదు బ్రిగేడ్ల ట్రైలర్లనూ ఒక్కొక్క వరసలో రాసుకున్నారు. ట్రైలర్‌కు వెయ్యి లీటర్లు. ముసాయిదాలో అన్నీ కలిపి నూట యాభై రెండు. అందులో రోజూ నీళ్ళు మోసేవి నూట పద్నాలుగు. తక్కినవి, పాడైతే వాడుకోవడానికని, ఏ బ్రిగేడ్ వెనక ఆ బ్రిగేడ్ ఊరికే నిలబెట్టుకునేవి.

“ఐదు ఇండ్లల్ల ఐదు పొయ్యిలు పెట్టుకున్నట్టు ఉంది సార్. ముప్పై ఎనిమిది బండ్లు ఖాళీగ నిలవడ్డయి. ఒకటే దళం అంటున్నరు గద, రిజర్వ్ గూడ ఒకటే పెట్టొద్దా?”

అతను పెన్సిల్ తీసుకుని మళ్ళీ వేశాడు. అందరికీ పది లీటర్లంటే మోసే ట్రైలర్లు నూట యాభై. ఉమ్మడి రిజర్వుకు పన్నెండు చాలు. మొత్తం నూట అరవై రెండు. ముసాయిదా కన్నా పది ఎక్కువ. ఐదు రోజుల ఆలస్యం ఒక్క రోజుకు దిగింది. ఆ ఒక్క రోజును ఎటు తిప్పినా తీసేయలేకపోయారు. మధ్యాహ్నం రెండింటిదాకా తిండి మరిచిపోయి తిప్పారు. ఆఖరికి దైవాశీర్వాదం పెన్సిల్ కింద పెట్టి, ఆ రోజును దాచకుండా పట్టిక పైనే రాయమన్నాడు.

ఉమ్మడి రిజర్వు అంటే తమ ట్రైలర్లను వేరేవాళ్ళ చేతికి ఇవ్వడం. అందరికన్నా ఎక్కువ ఇవ్వవలసింది ఉత్తర యూరప్ బ్రిగేడ్. నార్వే నుంచి వచ్చిన లెఫ్టినెంట్ కర్నల్ ఎరిక్‌సెన్ దాని ప్రతినిధి. ఆయన కాగితం చదివి, మళ్ళీ చదివి, ఏర్పాటు తనకు నచ్చిందన్నాడు. కానీ చిక్కు ఒకటి చెప్పాడు. బండ్లు ఎందుకు ఇవ్వాలని తన మంత్రిత్వశాఖ అడుగుతుంది. వాళ్ళకు ఆరు చాలని పుస్తకంలో ఉంది కదా అంటుంది. పుస్తకం నిలబడి ఉన్నంతకాలం తాను సంతకం పెట్టలేడు. ఆ పుస్తకం తప్పని ఎవరు చెప్పాలి అని అడిగాడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

సాయంత్రం నాలుగింటికి దైవాశీర్వాదం కర్నల్ విట్‌మర్ గదిలోకి వెళ్ళి, నీలం అట్ట పుస్తకం తెరిచి, తన పేరు మీద వేలు పెట్టాడు. కర్నల్ ఆశ్చర్యపోలేదు.

“నాకు తెలుసు మేజర్. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నదే ఆ నివేదిక చదివి. మంగళవారం మీరు అడుగుతుంటే, నన్ను పరీక్షిస్తున్నారేమో అనుకున్నాను.”

దైవాశీర్వాదం సీసాల సంగతి చెప్పాడు. జ్వరం అని రాసిన ముగ్గురి సంగతి చెప్పాడు. కర్నల్ ఈసారి కళ్ళద్దాలు తుడవలేదు. తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకున్నాడు. ఒక్క రోజు ఆలస్యాన్ని తాను వాషింగ్టన్‌లో మోయగలనన్నాడు, ఐదుగురూ ఒప్పుకుంటే. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, మిగిలినది చెప్పాడు. ఈ ఏర్పాటు ముందుకు వెళ్తే మొదటి శిక్షణ కేంద్రానికి సరఫరా అధిపతిగా దైవాశీర్వాదం పేరే తాను రాసి ఉంచాడు. నివేదిక ఒకటి అబద్ధమని అందరి ముందూ ఒప్పుకున్న మనిషి పేరు ఆ తర్వాత కాగితంలో ఉండటం కష్టం. అన్నం లెక్క, ఇంధనం లెక్క కూడా మళ్ళీ ఎవరిచేతనైనా చూపించవలసి వస్తుంది.

“ఇంకో దారి ఉంది. కొత్త అధ్యయనం జరగాలని ఒక వాక్యం రాద్దాం. ఏ పేరూ రాదు. ఏడాదిలో ఆరు కాస్తా ఎనిమిది అవుతుంది.”

మెట్ల మీద దైవాశీర్వాదం ఆగి చాలాసేపు ఆ వాక్యాన్ని మనసులో రాసి చూశాడు. మంచి వాక్యమే. ఎవరినీ నొప్పించదు. ఇరవై ఏళ్ళ కింద డాక్టరు రాసిన జ్వరం అన్న మాట కూడా అంతే మంచిది. కింద హాలులో విజయశ్రీ కోటు వేసుకుని, తలకు స్కార్ఫ్ చుట్టుకుంటూ, రేపటికి పట్టిక ఏ విధంగా టైప్ చేయాలని అడిగింది. రెండు వర్గాలా, ఒకటా?

“ఒకటే,” అన్నాడు.

*

శుక్రవారం పది గంటలకు పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. పక్కపక్కన రెండు కట్టలు ఉన్నాయి: పాత ముసాయిదా, కొత్త పట్టిక. కర్నల్ రెండింటికీ తేడా చెప్పాడు. ఉమ్మడి రిజర్వు గురించి, ఒక్క రోజు గురించి చెప్పాడు. ఎరిక్‌సెన్ లేచి నిన్న అన్నదే మళ్ళీ అన్నాడు, మూడో నంబరు అధోసూచిక అలాగే ఉండగా తాను కొత్త పట్టికకు ఒప్పుకోలేనని. బొయాటెంగ్ చేతులు కట్టుకుని, తన బ్రిగేడ్ ఏ దయా కోరలేదనీ, పాత పట్టికకే సంతకం పెడతాననీ అన్నాడు. పసిఫిక్ ప్రతినిధి అతని వైపు చూసి తల ఊపాడు. కర్నల్ దైవాశీర్వాదం వైపు చూశాడు. చూపులో బలవంతం లేదు. కొత్త అధ్యయనం అన్న వాక్యం టైప్ చేసిన కాగితం ఆయన చేతి కిందే సిద్ధంగా ఉంది.

దైవాశీర్వాదం మూడు పేజీలు రాసుకుని వచ్చాడు. శరీరంలో నీటి నష్టం గురించి లూసీ పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన అంకెలున్నాయి అందులో. లేచి నిలబడ్డాక అవి తీయలేదు. తీస్తే వాటి వెనక నిలబడతానని అతనికి అర్థమయింది.

ఆ నివేదిక నాది, అన్నాడు. సీసాలు ఎలా ఎత్తి చూసేవాడో చెప్పాడు. పోలయ్య అనే మనిషి సీసా నిండుగా ఉన్నందుకు భుజం తట్టిన సంగతీ, మర్నాడు అతను పడిపోయిన సంగతీ, ఆ తర్వాత ఆసుపత్రి బండి ఎక్కించేటప్పుడు కూడా అతను తన సీసాను చేత్తో తడుముకున్న సంగతీ చెప్పాడు. ఆ ఆఖరిది ఎవరికీ చెప్పాలని అనుకోలేదు. చెబుతుంటేనే గుర్తొచ్చింది. చెప్పడం మూడు నిమిషాల్లో అయిపోయింది. తన గొంతు ఎక్కడైనా వణుకుతుందేమోనని లోపల ఒకడు కనిపెట్టుకుని కూర్చున్నాడు. గొంతు వణకలేదు. దానికి కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

 రేడియేటరు గొట్టంలో ఆవిరి టకటకమంది. బొయాటెంగ్ కట్టుకున్న చేతులు విప్పి, తన కుడి అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ చేతిని ఏదో బరువు చూస్తున్నట్టు రెండు అంగుళాలు పైకి ఎత్తాడు.

“ఇలాగేనా?”

“అలాగే.”

“మాకూ తెల్లవాళ్ళే నేర్పారు,” అన్నాడు బొయాటెంగ్. “నేను ఇప్పటికీ చూస్తాను. పోయిన సెప్టెంబరులో కూడా చూశాను.” తన పాత ముసాయిదాను మూసి పక్కకు జరిపాడు. 

ఎరిక్‌సెన్ మెల్లగా, మాట సరిపోదనీ, తన మంత్రిత్వశాఖకు చూపించడానికి కాగితం మీద ఉండాలనీ అన్నాడు. ఆయన గొంతులో క్షమాపణ ఉంది. కర్నల్ తన చేతి కిందున్న వాక్యాన్ని ఇటు జరపబోయి, జరపకుండానే ఆగాడు.

దైవాశీర్వాదం కూర్చున్నాడు. పాత ముసాయిదాలో నలభై ఒకటో పేజీ తిప్పి, మూడో నంబరు అధోసూచిక పక్కన మార్జిన్‌లో, అక్కడ చోటు తక్కువగా ఉంది గనక చిన్న అక్షరాలతో రాశాడు: ఈ నివేదిక తప్పు. ఉపసంహరించుకుంటున్నాను. కింద పూర్తి పేరు, రాసిననాటి హోదా, ఈరోజు తేదీ వేశాడు. సిరా ఆరేదాకా ఒక్క క్షణం చూసి, కాగితాన్ని ఎడమ పక్కన ఉన్న బొయాటెంగ్ వైపు జరిపాడు.